జయకేతు మహారాజు అస్థికలు

ఉప్పుటేరు దాటి, ముళ్ళపొదల అడవి గడిచి, బయ్యన జెట్టి, రాజకుమారి ఉత్పల ధవళగిరి కోట గుమ్మం ముందు నిలబడేసరికి బారెడు పొద్దెక్కింది.

ఆ కోటను చూసినవాళ్ళు తక్కువ. చూసి తిరిగివచ్చి చెప్పినవాళ్ళు ఇంకా తక్కువ. కొండంతా సున్నపురాయి. ఎండ పడిందంటే కళ్ళు విప్పనివ్వని తెలుపు. గుమ్మానికి కమానుగా తిమింగిలాల పక్కటెముకలు నాటారు. ద్వారబంధాలు ఏనుగుల తొడ ఎముకలు. తోరణాలుగా గుర్రాల వెన్నుపూసలు గుచ్చి కట్టారు. గాలి వీచినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. చుట్టుపక్కల పచ్చని ఆకు లేదు, కాకి వాలిన జాడ లేదు. గుమ్మానికి రెండువైపులా ఈటెలు పట్టుకుని నిలబడ్డ కాపలావాళ్ళు కూడా అస్థిపంజరాలే. కండా చర్మమూ లేకుండా, ఒట్టి మంత్రబలం మీద కీళ్ళు కదుపుతూ, వచ్చినవాళ్ళ వైపు ఒకేసారి తలలు తిప్పాయి.

ఉత్పల అడుగు తడబడింది. బయ్యన ఆగకుండా నడిచాడు. ఆగితే తన కాళ్ళు కూడా కదలవని అతనికి తెలుసు.

మణిమంత రాజ్యాన్ని ఏలే జయకేతు మహారాజు, ఉత్పల తండ్రి, కార్తీకమాసంలో వేటకు వెళ్ళి మళ్ళీ రాలేదు. వెంట వెళ్ళిన పరివారమూ రాలేదు. మాఘం వచ్చాక ధవళగిరి మాంత్రికుడు కంకాళదత్తుడి దగ్గర్నించి కబురు వచ్చింది. మీ రాజు నా అడవిలో చనిపోయాడు, అస్థికలు నా దగ్గరే ఉన్నాయి, చంద్రకనుమ నాకు వదిలిపెడితే పంపిస్తాను అని. కొండల మధ్య ఉన్న ఆ ఒక్క కనుమా చేతులు మారితే మణిమంతానికి తలుపు ఊడిపోయినట్టే. కానీ అస్థికలు నదిలో కలపందే కర్మ పూర్తికాదు. అది కానిదే కొత్త పట్టాభిషేకం లేదు. మంత్రులు కనుమ ఇచ్చెయ్యడానికే మొగ్గారు. ఉత్పల మాత్రం, తండ్రి పోయాడని కళ్ళారా చూస్తే తప్ప నమ్మనంది.

బయ్యన రాజుగారి సాముగరిడీలో గురువు. ఉత్పలకు కర్రసాము నేర్పినవాడు. కుస్తీ నేర్పే జెట్టీలే ఎముకలు కట్టడం ఆ రాజ్యంలో తరతరాల ఆచారం. గరిడీలో ఒకరోజు ఒకడికి జబ్బ తొలగుతుంది, మరోరోజు ఇంకొకడికి ముంజేయి విరుగుతుంది. పడగొట్టినవాడే లేపి సరిచెయ్యాలి. కంకాళదత్తుడు తన నడుంనొప్పికి వైద్యుల కోసం దేశదేశాలా చాటింపు వేయించాడని తెలియగానే ఇద్దరికీ దారి దొరికింది. ఇప్పుడు బయ్యన తూర్పు రేవు నుంచి వచ్చిన నరసడనే ఎముకల వైద్యుడు. ఉత్పల అతని తైలాల బుట్ట మోసే చెల్లెలు నాంచారి. ముఖానికి మసి పూసుకుని, ముతక గుడ్డ తలమీదుగా ముక్కు దాకా లాక్కుంది.

కాపలావాళ్ళు వాళ్ళను సభామంటపంలోకి తీసుకుపోయారు. పాలరాయి నేల, ముత్యపు చిప్పలు తాపిన స్తంభాలు, పైకప్పు నుంచి వేలాడే శంఖాల దీపాలు, నెమలికన్నుల విసనకర్రలు వీచే ఎముకల చేతులు. ఇన్నిటి మధ్య ఎత్తయిన దంతపు పీఠం దిగి, ఒక మనిషి వాళ్ళ వైపు నడిచి వచ్చాడు.

బయ్యన ముందు ఆ నడక చూశాడు. కంకాళదత్తుడు నడుము దగ్గర్నించి ముందుకు వంగిపోయి ఉన్నాడు. గడ్డం రొమ్ముకు ఆనుకుంది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, పాదాలతో సహా మనిషంతా తిరగాలి. ఎదటివాడి ముఖం చూడాలంటే మోకాళ్ళు వంచి వెనక్కి ఒరగాలి. అలా ఒరిగి, రెప్పవెయ్యకుండా చూస్తూ మంత్రం చివరిదాకా చదివాడంటే, ఆ చూపు పడ్డవాడి కీళ్ళు బిగుసుకుపోతాయి. గోడవారగా కొయ్యబారి నిలబడ్డ మనుషులు అందుకు సాక్ష్యం. వాళ్ళంతా అంతకుముందు వచ్చిన వైద్యులు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

నొప్పి ఎప్పుడు మొదలైందని బయ్యన అడిగాడు. మీసాలు వచ్చిన కొత్తలోనని కంకాళదత్తుడు చెప్పాడు. తెల్లవారుజామున నడుం పట్టేసి మెలకువ వస్తుందనీ, పడుకుంటే ఎక్కువై, నాలుగడుగులు నడిస్తే సడలుతుందనీ, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పట్టు నడుం నుంచి వీపుకీ, వీపు నుంచి మెడకీ ఎక్కిందనీ చెప్పాడు. బయ్యన చేతులకు తైలం రాసుకుని అతని వెన్ను తడిమాడు. మామూలు మనిషి వెన్నులో పూసకీ పూసకీ మధ్య మెత్తటి సందు వేలికి తెలుస్తుంది. ఇక్కడ సందులే లేవు. పూసలన్నీ అతుక్కుని, కణుపులున్న ఒకే వెదురుబొంగులా ఉంది. ఊపిరి పీల్చమంటే పక్కటెముకలు పైకి లేవలేదు. పొట్ట మాత్రమే ఉబ్బింది.

అబద్ధం చెబితే గోడ పక్కన నిలబడాలి. నిజం చెప్పినా అంతే కావచ్చు. బయ్యన నిజమే చెప్పాడు.

"స్వామీ, అతుక్కున్న పూసలు మళ్ళీ విడవవు. ఎవరన్నా విడదీస్తామంటే నమ్మకండి. రోజూ వేడి కాపడం పెట్టి, ఈదితే నొప్పి తగ్గుతుంది, ఊపిరి అందుతుంది. గట్టిగా లాగితే మాత్రం ఈ వెన్ను ఎండుకట్టెలా విరుగుతుంది."

కంకాళదత్తుడు పాదాలతో సహా మనిషంతా బయ్యన వైపు తిరిగాడు. తర్వాత, ఇన్నేళ్ళలో ఆ మాట చెప్పినవాడివి నువ్వొక్కడివేనన్నాడు. గోడవైపు చెయ్యి ఊపి, వాళ్ళంతా లాగి చూస్తామన్నవాళ్ళేనన్నాడు. అతని గొంతులో కోపం తగ్గింది. ఎముకల సంగతి ఇంత తెలిసినవాడివి గనక ఇంకో పని కూడా చేసిపెట్టమని, లోపలి గదిలోకి తీసుకుపోయాడు.

అక్కడ నల్లరాతి బల్ల మీద ఎముకల కుప్ప ఉంది. పక్కనే బంగారు కిరీటం, జయకేతు మహారాజు ముద్రటుంగరం. ఉడకబెట్టి శుభ్రం చేయించేసరికి కీళ్ళన్నీ విడిపోయాయనీ, మణిమంతం మంత్రులు వచ్చి చూసి నమ్మేలా మనిషి ఆకారంలో పేర్చమనీ కంకాళదత్తుడి ఆజ్ఞ. పేర్చడం అయ్యేదాకా తనూ అక్కడే నిలబడ్డాడు. అతని నడుముకు చిన్న ఎముకల గంట వేలాడుతోంది. అది మోగించి చెప్పిన మాటే కాపలావాళ్ళకు ఆజ్ఞ.

బుట్ట కింద పెట్టేటప్పుడు ఉత్పల చేతులు వణికాయి. అయినా వచ్చి బల్ల పక్కన కూర్చుంది. బయ్యన అడిగిన ఎముక అడిగినట్టు అందివ్వసాగింది. తండ్రి పాదాలనుకుంటూ చీలమండ ఎముకలు అందించింది. తండ్రి చేతులనుకుంటూ మణికట్టు ముక్కలు అందించింది. పెదవి కొరుక్కుంటూ, ఒక్క చుక్క కన్నీరు రాలనివ్వలేదు. బయ్యన తల వంచుకుని పనిచేశాడు.

తొడ ఎముక అందుకోగానే అతని చెయ్యి ఆగింది. మోకాలి వైపు కొన టోపీలా ఊడి అరచేతిలోకి వచ్చింది. అది విరిగింది కాదు. విరిగితే అంచు పదునుగా ఉంటుంది. ఇది గరుగ్గా, అలలు అలలుగా ఉంది. గొర్రెపిల్ల కాలు ఉడికిస్తే కొన ఇలాగే ఊడొస్తుంది. ఎదిగే వయసులో మనిషి ఎముకకూ అంతే, కొనకీ కాడకీ మధ్య మెత్తటి గుజ్జు ఉంటుంది. ఎదుగుదల ఆగాక రెండూ అతుక్కుని ఒకటవుతాయి. జయకేతు మహారాజు యాభై దాటినవాడు. మోకాళ్ళలో గుజ్జు అరిగి, మెట్లు ఎక్కితే కిర్రుమనేవి. బయ్యనే ఆయనకు రోజూ తైలం మర్దన చేసేవాడు.

ఈ ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగని యువకుడివి.

బయ్యన కుప్పలో వెతికి, మెడ కింద అడ్డంగా ఉండే కంటె ఎముకలు రెండూ తీశాడు. ఎడమది ఉత్పల చేతిలో పెట్టి, తుడవమన్నాడు. రాజుగారు చిన్నతనంలో గుర్రం మీంచి పడితే ఆ ఎముక విరిగింది. బయ్యన తండ్రే కట్టు కట్టాడు. అతికిన చోట రేగిపండంత బొడిపె మిగిలింది. పసితనంలో తండ్రి భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయిన కూతురికి ఆ బొడిపె తెలియకుండా ఉండదు. ఉత్పల ఎముకను గుడ్డతో ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచింది. మళ్ళీ తుడిచింది. నున్నగా ఉంది.

ఆమె చేతుల వణుకు ఆగిపోయింది.

ఎవరి కొడుకో ఆ యువకుడు, వేటకు రాజు వెంట వెళ్ళినవాడే అయివుంటాడు. బయ్యన ఆ తొడ ఎముకకు కొన జాగ్రత్తగా అమర్చి, పైన గుడ్డ కప్పాడు. ఇంతలో వెనక నుంచి కంకాళదత్తుడి గొంతు వినిపించింది.

"ఓయి నరసా, నేను మనుషుల ముఖాలు చూడలేను. చేతులే చూస్తాను. ఇంతసేపూ వణికిన నీ చెల్లెలి చేతులు ఇప్పుడెందుకు ఆగాయి?"

జవాబు కోసం ఆగకుండా గంట మోగించి, ఆ ఇద్దర్నీ కోట దాటనివ్వద్దని ఆజ్ఞ వేశాడు.

గుమ్మంలోంచి అస్థిపంజరాలు దూసుకొచ్చాయి. మొదటిది ఈటె విసరబోతుండగా బయ్యన దాని మణికట్టు పట్టి, చెయ్యిని బయటికి తిప్పి పైకి ఎత్తాడు. ఒంట్లో జబ్బంత వదులు కీలు ఇంకోటి లేదు. ఎముక బంతి కూర్చునే గిన్నె లోతు తక్కువ గనక తేలిగ్గా తప్పుతుంది. చెయ్యి ఈటెతో సహా ఊడి అతని చేతిలోకి వచ్చింది. రెండోదాన్ని కాలు పట్టి లాగాడు. అది పొరపాటు. తుంటి గిన్నె లోతైంది, బంతిని వదలదు. అది అతన్ని ఈడ్చుకుంటూ గోడకు కొట్టింది, భుజం చర్మం చీరుకుపోయింది. ఉత్పల బుట్టలోంచి కట్టు కట్టే వెదురు దబ్బ లాగి దాని మోచేయి వెనక గుంటలో దిగేసింది. ఇక ఆ చెయ్యి చాపుకోలేక అది గిరగిరా తిరిగింది. ఆ సందులో బయ్యన లేచి జబ్బలే పట్టాడు. ఒకటి తర్వాత ఒకటి చేతులు ఊడి నేల మీద పడ్డాయి. చేతులు పోయినవి తలలతో కుమ్మబోయాయి, వాటి వెనక ఇంకొన్ని వచ్చిపడ్డాయి.

కంకాళదత్తుడు మోకాళ్ళు వంచి వెనక్కి ఒరిగాడు. మంత్రం మొదలైంది. బయ్యన మోకాళ్ళలో ఏదో బిగుస్తున్నట్టు అనిపించింది. అతను ఆ చూపులోంచి పక్కకు దూకాడు. మాంత్రికుడు మనిషంతా తిరగడానికి అడుగులు వేస్తున్నంతలో అతని వెనక్కి చేరి, తలను రెండు అరచేతుల మధ్యా పట్టుకున్నాడు.

"స్వామీ, ఇందాక మీకు అబద్ధం చెప్పలేదు. ఈ మెడ ఇప్పుడు ఒకటే కర్ర. ఒక్క తిప్పు తిప్పానంటే విరిగి, లోపలి నరాల తాడు తెగుతుంది. రాజుగారు ఎక్కడ?"

నయం చెయ్యడం నేర్చిన చేతులతో అలాంటి మాట అనాల్సి వచ్చినందుకు అతని నోరు చేదెక్కింది. అయినా పట్టు సడలించలేదు. కంకాళదత్తుడు మంత్రం ఆపాడు. ఆ చేతులు ఎంత ఎరిగినవో అతనికి ఇప్పుడే కదా తెలిసింది.

రాజు బతికే ఉన్నాడని చెప్పాడు. కింద ఉప్పుగనిలో ఉన్నాడట. మరి ఈ నాటకం ఎందుకని ఉత్పల అడిగింది.

"రాజు బతికున్నాడంటే మీవాళ్ళు యుద్ధానికి వస్తారు. పోయాడంటే బేరానికి వస్తారు," అన్నాడు కంకాళదత్తుడు, ఏ సిగ్గూ లేకుండా. చంపకపోవడానికి కారణం కూడా అడక్కుండానే చెప్పాడు. చంద్రకనుమ కింద సొరంగాల దారులు రాజు ఒక్కడికే తెలుసు.

ఉత్పల అతని నడుం నుంచి గంట తెంపి, లోపలి గుండు విరిచింది. అయినా కాపలావాళ్ళు ఆగలేదు. మోగిన ఆజ్ఞ మోగినట్టే ఉంది. కాకపోతే యజమాని మెడ పరాయి చేతుల్లో ఉండేసరికి మీద పడడం మాని, దూరంగా వెంట నడిచాయి. అలా మెట్ల వరస దిగి, గని తలుపు తెరిచి లోపలికి వెళ్ళి, ఉత్పల ఇనుపగడియ వేసింది. మరుక్షణం అవతల దెబ్బలు మొదలయ్యాయి.

గని అంతా ఉప్పు. గోడలు పటికబెల్లంలా మెరుస్తున్నాయి. రెండు నిలువుల ఎత్తున ఉన్న కంతలోంచి పగటి వెలుగు పడి, నేల మీద కూలబడ్డ మనిషిని చూపించింది. గడ్డం పెరిగి, ఒళ్ళు చిక్కిపోయి ఉంది. జయకేతు మహారాజే. కూతుర్ని గుర్తుపట్టడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆమె మసిముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, ఎందుకొచ్చావమ్మా అని మాత్రం అన్నాడు.

ఉత్పల ఆయన్ని లేవమంది. లేవలేనన్నాడు. ఆ పొద్దునే పైకంతను అందుకోబోయి, గోడ మీంచి జారి, మోకాలు ముడుచుకుని పడ్డాడట. బయ్యన ఒక్క చూపుతో తెలుసుకున్నాడు. కుడికాలు పొట్టిదైంది, మోకాలు లోపలికి తిరిగి ఎడమకాలి మీద వాలింది. తుంటి బంతి గిన్నెలోంచి వెనక్కి తప్పింది.

తలుపు మీద దెబ్బలు పెరిగాయి. రాజు తనను వదిలి కూతుర్ని తీసుకుని పొమ్మన్నాడు. కాలు సంగతి రేపు చూసుకోవచ్చన్నాడు.

"రేపు కాదు ప్రభూ," అన్నాడు బయ్యన. "తప్పిన బంతికి నెత్తురు సరిగా అందదు. ఆలస్యమైతే ఎముక లోపలే చచ్చి మెత్తబడిపోతుంది. అప్పుడు కూర్చోబెట్టినా జీవితమంతా కుంటే."

కానీ ఆ పనికి రెండు చేతులూ కావాలి. ఇప్పుడు ఆ రెండు చేతులూ మాంత్రికుడి తల మీద ఉన్నాయి. తుంటిని నేలకు నొక్కిపట్టడానికి ఉత్పల కావాలి. బయ్యన ఎక్కువ ఆలోచించలేదు. తలపాగా విప్పి కంకాళదత్తుడి నోరూ చేతులూ కట్టాడు. వెన్ను వంగనివాణ్ణి పసివాణ్ణి దించినట్టు మెల్లిగా దించి, ముఖం గోడవైపు తిప్పి పక్కకు పడుకోబెట్టాడు. ఇంకొకరు తిప్పితే తప్ప అతను ఇటు తిరగలేడు.

తర్వాత రాజును వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి ఎముకల మీద రెండు చేతులూ ఆనించి బరువంతా వెయ్యమని ఉత్పలకు చెప్పాడు. ఆయన తుంటినీ మోకాలినీ వంచి, ఆ కాలిని తన తొడల మధ్య ఇరికించుకుని, మోకాటి కింద చేతులు పెట్టి పైకి లాగాడు. తుంటి చుట్టూ కండ రాయిలా బిగిసింది. భయపడ్డ కండతో పోట్లాడకూడదు. అతను లాగుడు తగ్గించకుండా, రాజును ఊపిరి వదలమని చెబుతూ, కాలిని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాడు. తలుపు పలక ఒకటి పగిలి, సందులోంచి ఎముకల వేళ్ళు గడియ కోసం తడిమాయి. ఉత్పల అటు చూడలేదు. తండ్రి మాత్రం కూతురి ముఖం చూస్తూ ఊపిరి వదిలాడు.

టప్‌మని లోతుగా ఒక శబ్దం. బంతి గిన్నెలోకి జారింది. ముడుచుకున్న కాలు తనంతట తాను తిన్నగా చాపుకుంది.

ఉత్పల తండ్రిని లేపింది. ఆయన పాదం నేలకు ఆనించి, ఆమె మీద ఒరిగి, పళ్ళు బిగించి నిలబడ్డాడు. అప్పుడు వేలెత్తి కంత చూపించాడు. పొద్దున చెయ్యి అంచుకు తగిలిందట, ఇంకొక్క మనిషి ఎత్తు సాయం ఉంటే చాలట. బయ్యన గోడకు ఆని నిలబడ్డాడు. ఉత్పల అతని భుజాలెక్కి కంత పట్టుకుని పైకి పాకి, తలగుడ్డ మెలిపెట్టి కిందికి వదిలింది. రాజు అది పట్టుకున్నాడు. కుడికాలు వేలాడేసి, బయ్యన అరచేతులు మెట్లుగా చేసుకుని, మూలుగుతూ పైకి చేరాడు.

గడియ ఊడింది. అస్థిపంజరాలు కుప్పగా లోపలికి పడ్డాయి. అవి బయ్యన వైపు రాలేదు. ముందు యజమాని దగ్గరికి పోయి, నోటికట్టు లాగేసి, అతన్ని మోపులా ఎత్తి ఇటు తిప్పాయి. వాటి చేతుల్లో వెనక్కి ఒరిగిన కంకాళదత్తుడికి పైకి చూడడం ఇప్పుడు సులువైంది.

బయ్యన గుడ్డ పట్టుకుని ఎగబాకుతున్నాడు. కింద మంత్రం మొదలైంది. తల కంతలోంచి బయటపడింది, రొమ్ము, నడుము, కుడికాలు బయటపడ్డాయి. ఎడమకాలు లాక్కుంటుండగా మంత్రం చివరి మాట వినిపించింది.

కొండ వాలు మీద తెల్లటి ఎండ కాస్తోంది. దూరంగా ఉప్పుటేరు మెరుస్తోంది. ఉత్పల తండ్రికి భుజం ఆనించి, త్వరగా రమ్మని పిలిచింది. బయ్యన కూర్చున్నచోటే ఉండి ఎడమ మోకాలు తడుముతున్నాడు. వాపు లేదు, నొప్పి లేదు. చిప్ప దాని చోట్లోనే ఉంది, ఎముక ఎక్కడా బీట వారలేదు. రెండు చేతులతో వంచబోయాడు. రాతిని వంచినట్టుంది.

ఏమైందని ఉత్పల అడిగింది.

"నాకు తెలిసిన జబ్బు కాదమ్మా ఇది," అన్నాడు బయ్యన.

వెనక కోట గుమ్మం తెరుచుకున్న చప్పుడైంది. ఎముకల తోరణాలు గలగలమన్నాయి. బయ్యన, ఉత్పల నడుంలో దోపుకుని తెచ్చిన ఇంకో వెదురు దబ్బను చేతికర్రగా ఊని లేచాడు. బిగుసుకున్న కాలిని ఈడ్చుకుంటూ వెళ్ళి, రాజుగారి రెండో భుజం కింద తన భుజం పెట్టాడు. ముగ్గురూ ఏటి వైపు దిగడం మొదలుపెట్టారు.